కోపం రాని మనిషి ఒక్కపొద్దులు

మా చుట్టాల్లో నాకో పేరుంది. వసంతకు కోపం రాదు అని. పెళ్లిళ్లలో, పేరంటాల్లో కొత్త కోడళ్లను నా పక్కన కూర్చోబెట్టి "ఈమెను చూసి నేర్చుకో బిడ్డా" అని చెప్పేవాళ్లు. నేను తల వంచుకుని నవ్వేదాన్ని. పేరు పెట్టినవాళ్లు భోంచేసి వెళ్లిపోయేవాళ్లు, దాన్ని మోసే పని మాత్రం నాకు మిగిలేది. అలా మోసీ మోసీ పోయిన ఎండాకాలానికి ఇక బతకడమే వద్దు అనుకునేదాకా వచ్చాను.

ఇప్పుడు బాగున్నాను. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను, నిద్ర పడుతోంది, కూరలో ఉప్పు తక్కువైతే తెలుస్తోంది. ఇది కొంత నా కోసమే రాసుకుంటున్నాను, జరిగినదాన్ని ఒకచోట పెట్టి చూసుకుంటే కాళ్ల కింద నేల గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది. మిగతాది మీ ఇంట్లో అసలు కోపమే రాని మనిషి ఎవరైనా ఉంటే వాళ్ల కోసం. అలాంటి మనిషిని మెచ్చుకునే ముందు, అన్నం తిన్నావా అని ఒకసారి అడగండి.

మేం సీతాఫల్‌మండిలో ఉంటాం. మా ఆయన యాదగిరి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. మా అమ్మాయి మౌనిక డిగ్రీ చదువుతోంది. నేను ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్లు తెలుగు చెప్పాను. జీతం చెప్పుకునేంత ఉండేది కాదు గానీ, పిల్లలు "టీచర్" అని పిలిచినప్పుడు నేను వెనక్కి తిరిగే తీరే వేరుగా ఉండేది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు ఆమెను ఎవరు చూసుకోవాలన్న మాట వచ్చింది. మా హాల్లోనే కూర్చుని మాట్లాడుకున్నారు. మా బావగారు, అంటే మా ఆయన అన్న, వాళ్లిద్దరికీ అక్క అయిన పుష్ప వదిన, మా ఆయన. బావగారి ముందు కోడళ్లు కూర్చోవడం మా ఇంట్లో లేదు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. టీ మరిగి, వడగట్టి, గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని బయటికొచ్చేసరికి నేను బడి మానేయడం తేలిపోయింది. వదిన నా చేయి పట్టుకుని, "నువ్వైతేనే మంచిగ చూస్తవ్ వసంతా. నీకు కోపం రాదు" అంది. నేను నవ్వి టీ అందించాను.

అత్తమ్మను చూసుకున్నందుకు నాకు ఏ బాధా లేదు. ఆమె మంచి మనిషి. మాట పడిపోయినా, ఆడే చేత్తో నా కొంగు పట్టుకుని నాతో ఏవేవో చెప్పేది. నాకు కోపం ఆమె మీద కాదు. అసలు అది కోపమని కూడా నాకు అప్పట్లో తెలియదు. ఆ రోజుల్లో నాకు భక్తి పెరిగిందని మాత్రం అందరూ అనేవాళ్లు. ఒక్కపొద్దులు ఉండటం మొదలుపెట్టాను. పగలంతా ఏమీ తినకుండా సాయంత్రం దీపం పెట్టాక ఏదో ఒకటి తినడం మా వైపు అందరికీ తెలిసిన అలవాటే. నా ఒక్కపొద్దులు మాత్రం వారానికి ఒకటితో ఆగలేదు, సాయంత్రం తినడం కూడా పోను పోను ఒక అరటిపండుకు వచ్చింది. కోపం రాని మనిషికి భక్తి కూడా తోడైంది కదా, పేరు ఇంకా పెద్దదైంది.

పోయిన చలికాలంలో అత్తమ్మ వెళ్లిపోయింది. దినాల రోజు అందరూ నన్ను పొగిడారు, కొందరు ఏడ్చారు కూడా. మర్నాటికి ఇల్లు ఖాళీ. నేను బడికి వెళ్లి అడిగితే నా క్లాసులు చెప్పే కొత్తమ్మాయిని పరిచయం చేసి, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. తప్పు వాళ్లది కాదు. నేను బడి గేటు బయటికొచ్చి ఎటు నడవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాను.

*ఎండాకాలం*

జబ్బు ఎలా ఉండేదో చెప్పమంటే ఇలా చెబుతాను. పొద్దున్నే లేవాలంటే ఒంటి మీద తడి గోనెసంచి కప్పినట్టుండేది. టీవీలో మాటలు వినబడేవి, అర్థం తెలిసేది కాదు. మౌనిక ఏదైనా అడిగితే జవాబు నోటిదాకా వచ్చేసరికి అది తన గదిలోకి వెళ్లిపోయేది. ఏడుపు రాలేదు. వచ్చినా బాగుండేది, ఎవరైనా చూసేవాళ్లు. చావాలన్న ఆలోచన కూడా ఏడుస్తూ రాలేదు. నేను లేకపోతే ఈ ఇంట్లో ఏం ఆగుతుంది అని చల్లగా, మర్యాదగా వచ్చి కూర్చుంది. రోజూ వచ్చింది. ఒకరోజు అది నాకు సబబుగా కనిపించింది. ఇంతకు మించి ఆ సంగతి రాయను.

ఆ రోజు మధ్యాహ్నం నా మంచి చీరలు రెండు తీసుకుని కింద ఇంట్లో ఉండే షాహీన్ దగ్గరికి వెళ్లాను. షాహీన్ జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్ వేస్తుంది. వాళ్లది వరంగల్ దిక్కు. ఆమె మాట్లాడే తెలుగు ముందు ఈ తెలుగు టీచరు తెలుగు ఉత్తదే. ఆ చీరలు నువ్వే కట్టుకో, నాకు ఇక అక్కర్లేదు అన్నాను. ఆమె మిషన్ ఆపింది. చీరల వైపు చూడలేదు, నా మొహం వైపే చూసింది.

"అక్కా, నీకు సచ్చిపోవాలని గిట్ల అనిపిస్తున్నదా?"

ఇంత సూటిగా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, ఏ విషయంలోనూ. అబద్ధం చెప్పడానికి నాకు సమయమే దొరకలేదు. అవును అన్నాను.

షాహీన్ అరవలేదు. అయ్యో అనలేదు, పిల్లను చూసుకోవద్దా అని బుద్ధి చెప్పలేదు. లేచి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. "చెప్పినవ్ గద, మంచి పని చేసినవ్. ఇగ నిన్ను ఒక్కదాన్ని విడిచిపెట్ట" అని మా ఆయనకు ఫోన్ చేసింది. ఆయన వచ్చేదాకా ఒక పాత జాకెట్ నా చేతిలో పెట్టి దాని కుట్లు విప్పమంది. నేను దారాలు లాగుతూ కూర్చున్నాను. ఆమె నా పక్కనే కూర్చుని, తన తమ్ముడి గురించి చెప్పింది. వాడూ చివరి రోజుల్లో తన వస్తువులన్నీ వాళ్లకీ వీళ్లకీ పంచిపెట్టాడట. "అప్పుడు నాకు అడగబుద్ధి కాలే. అడిగితే లేని ఆలోచన పుట్టిచ్చినట్టయితదని భయపడ్డ. గందుకే నిన్ను అడిగిన" అంది. అలా అడిగితే ఆలోచన పుట్టదని, మనిషికి ఊపిరాడుతుందని తర్వాత డాక్టర్లూ చెప్పారు. నాకు అది డాక్టర్ల కంటే ముందే తెలిసింది.

మా ఆయన వర్క్‌షాపు బట్టల్లోనే వచ్చాడు. గుమ్మం దగ్గర కింద కూర్చుండిపోయాడు. ఎంత బిగుసుకున్న నట్టునైనా విప్పే ఆ చేతులు ఏం చేయాలో తెలియక ఒకదాన్నొకటి తుడుచుకుంటున్నాయి. ఆ చేతులను చూసి నాకు మొదటిసారి ఏడుపొచ్చింది.

*దవాఖాన*

మానసిక వైద్య విభాగం బయట బెంచీలు ఇనుపవి, ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి. అక్కడ కూర్చున్న ప్రతివాళ్లూ వేరే విభాగానికి వచ్చి దారి తప్పినట్టు మొహం పెడతారు. మా ఆయన కరోనా నాటి మాస్కు వెతికి పెట్టుకున్నాడు, హెల్మెట్ కూడా తీయలేదు. వర్క్‌షాపు వాళ్లు ఎవరైనా చూస్తారని భయం. ఎదురు బెంచీ మీద ఇంకో హెల్మెట్ కూర్చుని ఉంది. చాలాసేపటికి రెండు హెల్మెట్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. ఆయన నర్సింగ్, అదే వర్క్‌షాపులో పనిచేస్తాడు, తన తమ్ముడిని తీసుకొచ్చాడు. ఇద్దరూ తలలు తిప్పుకున్నారు. కాసేపటికి నర్సింగ్ బయటికి వెళ్లి నలుగురికీ టీలు తెచ్చాడు. ఎందుకొచ్చారని ఎవరూ ఎవరినీ అడగలేదు. హెల్మెట్లు తీసి టీ తాగాం. ఆ టీకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

డాక్టర్ మాత్రలు రాశారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, అంతవరకూ ఒంటరిగా ఉండొద్దు అన్నారు. ఇంట్లో ఏమేం కళ్లకు కనబడకుండా పెట్టాలో మా ఆయనకు విడిగా చెప్పారు. మాత్రలు పొద్దున, రాత్రి అన్నం తిన్నాకే వేసుకోవాలి. నేను ఆ చివరి మాట విని గతుక్కుమన్నాను. ఎందుకో అప్పుడు నాకే తెలియదు.

తర్వాత సౌజన్య మేడమ్ గదికి పంపారు. సైకాలజిస్టు. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లల వయసే ఉంటుంది. బాధ గురించి, నిద్ర గురించి, చావు ఆలోచన గురించి మెల్లగా అడిగి, ఆఖరున కోపం గురించిన ప్రశ్నల కాగితం ఇచ్చింది. నాకు నవ్వొచ్చింది. కోపం గురించి నన్ను అడగడమంటే కోమటిని కల్లు ధర అడిగినట్టే అనుకున్నాను.

కోపం వస్తే గొంతు పెంచుతారా, వస్తువులు విసురుతారా, మనసులోనే ఉడుకుతారా, మాట్లాడటం మానేస్తారా, కోపాన్ని ఆపుకోవడానికి ప్రయత్నిస్తారా, ఎంత తరచుగా. ప్రతి ప్రశ్నకూ ఎదురుగా నాలుగు గడులున్నాయి. ఎప్పుడూ లేదు నుంచి దాదాపు ఎప్పుడూ దాకా. నేను టిక్కులు పెట్టుకుంటూ వెళ్లాను. గొంతు పెంచడం ఎప్పుడూ లేదు. విసరడం ఎప్పుడూ లేదు. ఉడకడం ఎప్పుడూ లేదు. ఆపుకోవడం, శాంతపరచుకోవడం మాత్రం దాదాపు ఎప్పుడూ. టక్కున ముగించి పెన్ను మూత పెట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నూటికి నూరు వస్తాయనుకున్నాను.

మేడమ్ కాగితం చూసింది. ఇందులో పాస్, ఫెయిల్ లేవని ముందే చెప్పి, వివరించింది. కోపం బయటికి ఎంత పోతోంది, లోపల ఎంత ఉండిపోతోంది, దాన్ని ఆపడానికి మనిషి ఎంత కష్టపడుతున్నాడు, వీటిని విడివిడిగా కొలుస్తారట. బతకాలని లేదంటూ వచ్చినవాళ్లను దుఃఖం గురించే అడిగితే సగమే తెలుస్తుందట. కొందరి కోపం ఎదుటివాళ్ల మీద పడుతుంది, కొందరిది తమ మీదే పడుతుంది, రెండూ ప్రమాదమే. ఎవరిది ఏదో తెలిస్తే ఎక్కడ సాయం చేయాలో తెలుస్తుంది. బయట బెంచీ మీద ఉన్న నర్సింగ్ తమ్ముడి కట్టు కట్టిన చెయ్యి నాకు గుర్తొచ్చింది. గోడను గుద్దితే విరిగిందని టీ తాగుతూ నర్సింగే చెప్పాడు. కోపం ఎక్కువున్న ఆ మనిషీ, కోపం రాని నేనూ ఒకే గదికి ఎందుకు వచ్చామో అప్పుడు కొంచెం అర్థమైంది.

"ఒక్కటి అడగనా వసంత గారూ? మీకు కోపం అసలు రాదని పెట్టారు. మరి దాన్ని ఆపుకోవడానికి ఇంత కష్టం ఎందుకు పడుతున్నారు?"

కాగితం తీసుకుని మళ్లీ చూశాను. లేని దొంగకు ఇన్ని తాళాలు వేసుకున్నదాన్ని నేనే. పిల్లల పేపర్లు దిద్దిన చేతికి తన పేపర్లో తప్పు పట్టుబడటం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఆమె తొందరపెట్టలేదు. పొద్దున ఏం తిన్నారు అని మాట మార్చింది. ఈ రోజు ఒక్కపొద్దు అన్నాను. నిన్న? నిన్న కూడా. మా ఆయనను లోపలికి పిలిచి ఇంట్లో నేను ఎప్పుడెప్పుడు తింటానని అడిగింది. ఆయనకు ఆ దవాఖానలో గర్వంగా చెప్పడానికి దొరికిన మొదటి సంగతి అదే.

"మా ఇంట్ల భక్తి అంతా ఈమెదే మేడమ్. సోమవారం శివునికి, మంగళవారం ఆంజనేయస్వామికి, గురువారం బాబాకు, శుక్రవారం అమ్మవారికి, శనివారం వెంకన్నకు. మిగిలిన రెండు రోజులు..."

చెబుతూ చెబుతూ ఆయన గొంతు తగ్గిపోయింది. తను చెప్పింది తనకే వినబడింది.

సోమవారం ఎప్పుడు మొదలుపెట్టారని మేడమ్ నన్ను అడిగింది. బడి మానేసిన వారం అన్నాను. అన్నాక ఆ పొద్దు మొత్తం గుర్తొచ్చింది. కంచంలో ఉప్మా పెట్టుకున్నాను, బడి గంట వినబడింది, ముద్ద మింగుడు పడలేదు. ఏమైందని అత్తమ్మ కళ్లతోనే అడిగింది. ఒక్కపొద్దు అన్నాను. గురువారం ఎప్పటిదంటే, వదిన వచ్చి పప్పు రుచి చూసి, మా అమ్మకు ఉప్పు తగ్గించమన్న కదా అని పక్కింటివాళ్ల ముందు అన్న వారానిది. శుక్రవారం, ఒకళ్లింట్లో మా ఆయన "ఆమె ఇంట్లనే ఉంటది, ఖాళీనే" అని పరిచయం చేసిన నాటిది. శనివారం, బడి గేటు బయట నిలబడ్డ నాటిది. మంగళవారం ఎందుకు మొదలైందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఏదో ఉండే ఉంటుంది, ఆంజనేయస్వామికే తెలియాలి.

మా ఇళ్లలో ఆడమనిషి అలిగి అన్నం మానేస్తే అందరికీ తెలిసిపోతుంది. ఎందుకలిగావని అడుగుతారు, బతిమాలుతారు, పంచాయితీ పెడతారు. కారణం చెప్పాల్సి వస్తుంది, కోపం వచ్చిందని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఒక్కపొద్దు అంటే ఎవరూ ఏమీ అడగరు, పైగా దండం పెడతారు. నేను చేసింది అదే. అలిగిన ప్రతిసారీ ఒక దేవుడిని అడ్డం పెట్టుకున్నాను. ముక్కోటి దేవతలున్నా వారానికి రోజులు ఏడే కాబట్టి ఆగాను, లేకపోతే ఇంకా మొదలుపెట్టేదాన్నే.

బయటికొచ్చాక మా ఆయన బండి తీస్తూ, నేను ఖాళీ అన్నది నీకు అంతగా తగిలిందా అని అడిగాడు. అవునన్నాను. దారిలో ఆపి ఇడ్లీ పెట్టించాడు. ఆ రోజు శుక్రవారం. ఒకటిన్నర తిన్నాను, మాత్ర వేసుకున్నాను.

*బోనాల నెల*

బాగవడం సినిమాల్లోలా జరగదు. ఒకరోజు కొంచెం తేలిక, మర్నాడు మళ్లీ గోనెసంచి. ఇంట్లో అందరికీ విసుగొచ్చింది, నాతో సహా. మా ఆయన షిఫ్టులు మార్చుకున్నాడు. మౌనిక నా పక్కన పడుకుని నా చేతి మీద చెయ్యేసుకుని నిద్రపోయేది, నేను కదిలితే లేచేది. పుష్ప వదిన ఫోన్ చేసి, పిచ్చి దవాఖానకు తీసుకుపోయినవా, నలుగురికి తెలిస్తే పిల్ల పెళ్లెట్లయితదని తమ్ముడి మీద అరిచింది. ఒకరోజు మా ఆయన కూడా ఉండబట్టలేక, "నీకు నేనేం తక్కువ చేసిన? ఒక్కసారన్న చెప్పకపోతివి" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజు ఇద్దరం మాట్లాడుకోలేదు. మర్నాడు ఆయనే మాత్రలు, నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

సౌజన్య మేడమ్ ఒక పని ఇచ్చింది. రోజుకు ఒక చిన్న కోపం, వచ్చినప్పుడే, ఎవరి మీద వచ్చిందో ఆ మనిషికే, ఒక్క మాటలో చెప్పాలి. తిట్టకూడదు, దాచకూడదు. నర్సింగ్ తమ్ముడికి ఇంకో పని ఇచ్చిందట. కోపం రాగానే ముందు ఆ చోటు వదిలి నాలుగడుగులు నడిచి, చల్లబడ్డాక వచ్చి మాట్లాడాలి. ఒకే మేడమ్, ఇద్దరికి రెండు వైద్యాలు.

నా మొదటి కోపం తడి తువ్వాలు. మా ఆయన స్నానం చేసి తువ్వాలు పరుపు మీద పడేస్తాడు, పెళ్లయిన నాటి నుంచి. నేను తీసి ఆరేస్తాను, పెళ్లయిన నాటి నుంచి. ఆ పొద్దున ఆయన ముందు నిలబడి, నాకు కోపం వచ్చింది, తువ్వాలు తీయండి అన్నాను. ఇన్‌స్పెక్షన్ రోజు పాఠం చెప్పినప్పుడు కూడా అంత భయపడలేదు. ఆయన తువ్వాలు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "గిదానికి ఇన్నేండ్లా?" అని తీసి ఆరేశాడు. సాయంత్రం వచ్చాక, కొంచెం భయంగా, ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు. చాలా ఉన్నాయి, రోజుకొకటే చెప్పమన్నారు అన్నాను. ఆయన నవ్వాడు. చాలా రోజుల తర్వాత నేనూ నిజంగానే నవ్వాను.

మౌనికది నాకు ఎదురు గుణం. కోపం వస్తే తలుపు ధడేల్‌మంటుంది. అమ్మను చూసి నేర్చుకో అని దానికి చిన్నప్పటి నుంచి నేనే చెప్పాను. తువ్వాలు పంచాయితీ విని ఆ రోజు అది నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"నువ్వు తిట్టవు గద మమ్మీ, నాకు గదే భయమయ్యేది. నీ లోపల ఏమున్నదో తెల్వకపోయేది. తిట్టు, ఏం కాదు."

దాన్ని దగ్గరికి తీసుకుని చాలాసేపు ఏడ్చాను. అది మంచి ఏడుపు.

మధ్యాహ్నాలు షాహీన్ నన్ను ఒంటరిగా ఉంచేది కాదు. పని లేని రోజు బన్సీలాల్‌పేట మెట్లబావికి తీసుకెళ్లేది. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయిన బావి అది, ఇప్పుడు బాగుచేశారు, మెట్ల కింద నీళ్లు కనబడతాయి. దాన్ని చూపించి నాకేదో నీతి చెబుతుందనుకున్నాను. ఆమె పల్లీలు తింటూ, తన కస్టమర్లలో ఎవరి జాకెట్లు ఏటేటా ఎంత వదులు చేయాల్సి వస్తోందో చెబుతూ కూర్చుంది. ఆ చాడీల్లో నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. ఓ రోజు బోనం ఎత్తుకున్న ఆడవాళ్లు మా వీధిలో వెళుతుంటే డప్పు చప్పుడు నాకు ఒంట్లోకి దిగినట్టు వినబడింది. చప్పుడు చప్పుడులాగా వినబడి ఎన్నాళ్లయిందో అనుకున్నాను.

*పెత్రమాస*

బతుకమ్మకు ముందు వచ్చే పెత్రమాసకు పెద్దలకు బియ్యం ఇస్తాం. అత్తమ్మ పోయాక మొదటిది, అందుకని మా ఇంటికే అందరూ వచ్చారు. భోజనాలయ్యాయి. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. హాల్లోంచి మాటలు వినబడుతున్నాయి. జనగామలో ఉన్న చిన్నత్తమ్మ, అంటే మా అత్తమ్మ చెల్లెలు, జారిపడి తుంటి ఎముక విరిగింది. పిల్లలు లేరు. ఎవరి దగ్గర ఉంచాలి?

వదిన గొంతు స్పష్టంగా వినబడింది. "వసంత ఉన్నది గద. ఖాళీగ ఉంటేనే ఆమెకు గా ఆలోచనలు వస్తున్నయ్. చేతికి పనున్నట్టుంటది. ఆమెకు కోపం సుత రాదు."

పాలు పొంగుకొస్తున్నాయి. ఇదివరకు ఇక్కడే, ఇదే గిన్నె ముందు నిలబడి ఉన్నాను. ఈసారి కూడా టీ వడగట్టి, నవ్వుతూ తీసుకెళితే ఏమవుతుందో నాకు తెలుసు. రేపు సోమవారం ఒక్కపొద్దు అంటాను. తర్వాత మంగళవారం. అక్కడి నుంచి ఆ ఎండాకాలం ఎంతో దూరం లేదు. నాకు నిజంగా భయం వేసింది. స్టవ్ ఆపేశాను. ఉత్త చేతులతో హాల్లోకి వచ్చి, బావగారి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

నేను కూర్చోవడం చూసే అందరి మాటలూ ఆగిపోయాయి.

"నాకు కోపం వచ్చింది" అన్నాను. "అప్పుడు నా బడి గురించి మీరు ముగ్గురు మాట్లాడుకున్నరు, నన్ను అడగలే. ఇప్పుడు మల్ల గట్లనే మాట్లాడుతున్నరు. చిన్నత్తమ్మను చూడనంటలేను. నన్ను అడగకుండ నా పేరు చెప్పకండ్రి."

వదిన మా ఆయన వైపు తిరిగింది. గోలీలు మింగుతున్నది కదా, గోలీలే ఇట్లా మాట్లాడిస్తున్నయి అంది.

మా ఆయన తల దించుకుని ఉన్నాడు. నేను ఆయన వైపే చూస్తున్నాను. ఆయన ఇప్పుడు ఏమీ అనకపోతే ఇంట్లో ఇక ఏ తువ్వాలు ఎక్కడ ఆరేసినా ఒకటే.

"గోలీలు కాదక్కా" అన్నాడు మెల్లగా. "ఆమె చెప్పేదే నిజం. తప్పు మనదే." అని లేచి వంటింట్లోకి వెళ్లాడు. నేను ఆపేసిన స్టవ్ మళ్లీ వెలిగించిన చప్పుడు వినబడింది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఆయన స్టవ్ వెలిగించడం అదే మొదలు. మౌనిక తన గది తలుపు తెరిచి, చప్పుడు చేయకుండా వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

బావగారు, "అడగాల్సి ఉండెనమ్మా" అన్నారు. అంతే అన్నారు. నాకు అంత చాలు. టీ వచ్చింది, పాయసంలా ఉంది. చక్కెర ఎక్కువైంది అన్నాను. వదినకే ముందు నవ్వొచ్చింది.

*ఇప్పుడు*

చిన్నత్తమ్మ వంతులవారీగా మూడిళ్లలోనూ ఉంటోంది. మా వంతులో మా ఆయన, నేను కలిసి చూసుకుంటున్నాం. బన్సీలాల్‌పేటలో ఒక బడిలో నాకు ఒంటిపూట పని దొరికింది. ఐదో తరగతి. అల్లరి పిల్లలు, కోపం చెప్పే అభ్యాసానికి కొదవ లేదు. వదిన పోయిన వారం తనంతట తాను ఫోన్ చేసి, వాళ్ల తోటికోడలికి ఆ దవాఖాన ఎక్కడో చెప్పమని అడిగింది. చెప్పాను.

మొన్న సౌజన్య మేడమ్ అదే ప్రశ్నల కాగితం మళ్లీ ఇచ్చింది. ఈసారి నాకు చాలా సమయం పట్టింది. ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి నిజం ఏమిటో వెతుక్కోవాల్సి వచ్చింది. ఎప్పుడూ లేదు అన్న గడిలో టిక్కులు పలచబడ్డాయి. నా మార్కులు తగ్గాయి కదా మేడమ్ అంటే, మీరు ఈసారి పరీక్ష రాశారు, మొదటిసారి పేరు మాత్రమే రాశారు అంది. చావు ఆలోచన గురించి ఆమె ఇప్పటికీ ప్రతిసారీ సూటిగా అడుగుతుంది. చాలా రోజులుగా రాలేదని చెప్పాను. మళ్లీ వస్తే ఎవరికి చెప్పాలో కూడా చెప్పాను. ముందు షాహీన్‌కు, తర్వాత ఆయనకు, తర్వాత మీకు.

మీలో ఎవరికైనా ఆ చల్లని, మర్యాదైన ఆలోచన రోజూ వచ్చి కూర్చుంటుంటే, ఇవాళే ఒకరికి చెప్పండి. దగ్గరి మనిషికి గానీ, డాక్టరుకు గానీ. మీ పక్కన ఎవరైనా తమ మంచి చీరలు పంచిపెడుతుంటే, షాహీన్ అడిగినట్టు అడగండి. నా చీరలు ఆమె అప్పుడు తీసుకోలేదు. బీరువాలోనే ఉన్నాయి, మొన్న దసరాకు ఒకటి కట్టుకున్నాను.

ఈ రోజు కార్తీక సోమవారం. మా వీధిలో సగం మంది ఒక్కపొద్దు ఉన్నారు. వాళ్లది నిజమైన భక్తి, వాళ్లకు పుణ్యం రావాలి. నేను పొద్దున్నే తులసి దగ్గర దీపం పెట్టి దండం పెట్టుకున్నాను. లోపలికొచ్చేసరికి తడి తువ్వాలు మళ్లీ పరుపు మీదే ఉంది. కోపం వచ్చింది. ఆయనకు చెప్పాల్సింది చెప్పాను. తర్వాత కంచం ముందు కూర్చుని కడుపు నిండా అన్నం తిన్నాను.